వెనక బరువు

టైల్స్ పెట్టెలు పేర్చి కట్టిన చెక్క ప్యాలెట్ లారీ అంచు దాటి గాలిలోకి రాగానే డ్రైవరమ్మ చేతిలో స్టీరింగు మెత్తబడిపోయింది.

అలా మెత్తబడటం మంచిది కాదు. ఆ ఫోర్క్‌లిఫ్ట్ పాతది. దాన్ని తిప్పేవి వెనక చక్రాలు. అవి నేలను కరుచుకుని ఉన్నంతసేపూ స్టీరింగు మొండికేస్తుంది, భుజాలు నొప్పి పుట్టేదాకా తిప్పించుకుంటుంది. ముందున్న బరువు ఎక్కువై వెనక చక్రాలు పైకి లేవబోతే మాత్రం చంటిపిల్ల కూడా తిప్పగలిగేంత తేలికైపోతుంది. అంత తేలికయ్యాక తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. బండి ముందుకు బోర్లా పడుతుంది.

ఆమె ఏదీ గబుక్కున చేయలేదు. ఆక్సిలరేటరు మీద నుంచి పాదం మెల్లగా తీసింది. దించే లివరు మీద రెండు వేళ్ళు ఆనించి, తల తిప్పకుండానే బండి వెనక కూర్చున్న మనిషికి వినబడేలా అరిచింది.

"బాబాయ్, వెనక్కి జరుగు!"

"జరిగే ఉన్నానమ్మాయ్!"

"ఇంకాస్త!"

"ఇంకాస్త జరిగితే నేలమీద కూర్చుంటా!"

గోడౌను గుమ్మంలో నిలబడ్డ హమాలీలు గొల్లున నవ్వారు. వెనక చక్రాలు బెత్తెడు లేచి, ధబ్బున నేలను తాకాయి. టైల్స్ పెట్టెలు ఒకదానికొకటి ఒరుసుకుని కీచుమన్నాయి. డ్రైవరమ్మ బరువును కొంచెం కొంచెంగా నేల దగ్గరికి దించింది.

పిల్లలెక్కి ఊగే బల్లలాంటిదే ఆ బండి. ముందు చక్రాలే దానికి మధ్య ఆసరా. ఆ పక్క ముందుకు చాచిన ఇనుప కొమ్ముల మీద సరుకు, ఈ పక్క బండి వెనకభాగంలో పోతపోసిన ఇనుప దిమ్మ. ఆ దిమ్మ చాలినన్నాళ్ళు చాలింది. ఆ తరవాత మనిషి ఎత్తు టైల్స్ పలకలు రావడం మొదలైంది. ప్యాలెట్లు బరువెక్కాయి, బండి మాత్రం అదే. కొత్త బండి మాట వచ్చినప్పుడల్లా మేనేజరు తలూపి ఊరుకునేవాడు. ఒకరోజు మాత్రం చుట్టూ చూసి, హమాలీల్లోకెల్లా భారీమనిషిని పిలిచి దిమ్మ మీద కూర్చోమన్నాడు. బండి నిలబడింది. అప్పటినుంచీ ఆయన పని అదే. గోడౌనులో ఎవరికీ ఆయన అసలు పేరు నోట రాదు. బండన్న అంటారు. డ్రైవరమ్మ ఒక్కతే బాబాయ్ అంటుంది.

"ఏమైందిరా?" అంటూ మేనేజరు అద్దాలగది లోంచి వచ్చాడు.

"ఏం లేదు సార్, నిన్న పొద్దుట్నుంచీ సరిగ్గా తినలేదు. అంతే" అన్నాడు బండన్న దిమ్మ మీద నుంచే.

"రేడియో, నువ్వూ ఎక్కు."

రేడియో అనేవాడు హమాలీల్లో ఒకడు. నిద్రలో తప్ప నోరు మూయడు. ఎగిరి బండన్న పక్కన కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యేసి ప్రకటించాడు: "వినండ్రోయ్! మన బండన్న బండ కాదు, బెండు!"

మళ్ళీ నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది బండన్నే. ఆ నవ్వుకి దగ్గు అడ్డం పడింది. దగ్గు ఆగేదాకా ఆయన ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చేత్తో బండి చట్రాన్ని పట్టుకుని వంగి ఉండిపోయాడు. అప్పుడు చూసింది డ్రైవరమ్మ ఆయన నడుముని. తోలు బెల్టు కొస ముందు నుంచి పక్కకి, పక్క నుంచి వీపు దాకా చుట్టుకుపోయి ఉంది. దానికి మేకుతో కొట్టిన వంకర కన్నాలు. చివరిది ఇంకా కొత్తగా, తెల్లగా ఉంది.

ఆ రోజంతా రేడియో, బండన్న ఇద్దరూ కూర్చున్నారు. సాయంత్రం తాళం వేస్తూ మేనేజరు బండన్నతో అన్నాడు. "రేపు కూడా ఇలాగే అయితే ఇంకెవరినైనా చూస్తా. నువ్వు ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకో."

విశ్రాంతి అన్న మాట ఆయన మెత్తగానే అన్నాడు. బండన్న మొహం మాత్రం ఎవరో తలుపు మూసినట్టు అయిపోయింది.

మర్నాడు బండి నిలబడింది.

డ్రైవరమ్మ మొదటి ప్యాలెట్‌ని లారీ మీద నుంచి వెంట్రుకవాసి ఎత్తి ఆగింది. స్టీరింగుని అటూ ఇటూ కదిపి చూసింది. మొండికేసింది. హమ్మయ్య అనుకుని వెనక్కి తీసింది. రెండోది, మూడోది. చక్రాలు నేలను వదల్లేదు. రేడియో ఎక్కాల్సిన పనే రాలేదు.

"రాత్రి ఏం తిన్నావు బాబాయ్?" అంది నవ్వుతూ.

"మీ పిన్ని వడ్డిస్తూ పోయింది, నేను తింటూ పోయా."

"అదే చేత్తో నాకూ ఓ క్యారేజీ పంపమను."

"నీకెందుకమ్మాయ్, నువ్వు ముందు కూర్చునేదానివి. ముందు బరువు పెరిగితే నాకు కష్టం."

ఆమె హాయిగా నవ్వింది. నిన్న సాయంత్రం నుంచీ గుండెలో ముల్లులా ఉన్నదేదో ఊడిపోయినట్టనిపించింది. మనిషన్నాక ఒకరోజు నలతగా ఉండడా?

టీ వచ్చే వేళకి హమాలీలంతా నీడలోకి చేరారు. టీ అంటే అందరికంటే ముందుండే మనిషి బండన్న. ఆ రోజు దిమ్మ మీద నుంచి దిగలేదు. రెండు గ్లాసులు పట్టుకుని డ్రైవరమ్మే బండి వెనక్కి వెళ్ళింది. ఆయన నుదుటి మీద చెమట. ఎండ వేళ కాదు. ఆ చెమట చూడగానే ఆమె గ్లాసులు చక్రం పక్కన పెట్టేసింది.

"దిగు బాబాయ్."

"ఇక్కడే బాగుంది."

"దిగు."

ఆయన ఒక కాలు కిందికి జార్చాడు. ఆ కాలు నేలకి తగిలింది గానీ ఒంటిని నిలబెట్టలేకపోయింది. మోకాలు మడతపడింది. ఆమె ముందుకురికి చంక కింద భుజం పెట్టి, నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. చేతికి మెత్తటి ఒళ్ళు తగల్లేదు. గట్టిగా, పలకలు పలకలుగా ఏదో తగిలింది. టక్కుమని చప్పుడైంది.

ఆ చప్పుడు ఆమెకి తెలియనిది కాదు. రోజంతా వినే చప్పుడే.

"చొక్కా ఎత్తు."

"ఛీ, పెళ్ళయిన మగాణ్ణి పట్టుకుని ఏంటా మాటలు?"

ఆమె నవ్వలేదు. తనే చొక్కా అంచు పైకెత్తింది. మందపాటి గుడ్డతో కుట్టిన పట్టీ నడుముకి బిగించి ఉంది. దానికి వరసగా జేబులు. ఒక్కో జేబులో పగిలిన టైలు ముక్కలు, అంచులు అరగదీసి, కాగితంలో చుట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి. పట్టీ ఒరుసుకున్నచోట చర్మం ఎర్రగా కందిపోయింది. దానిపైన పక్కటెముకలు. ఎంత భారీ మనిషి! ఆ ఒంటికి పక్కటెముకలనేవి ఉంటాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

బండన్న చొక్కా కిందికి లాక్కుని, చక్రానికి వీపు ఆనించి కూర్చుని, టీ గ్లాసు అందుకున్నాడు.

"బండికి తెలీదుగా అమ్మాయ్, అది ఒళ్ళో రాళ్ళో. దానిక్కావలసింది బరువు."

"ఆసుపత్రికి వెళ్ళావా?"

"వెళ్ళాం."

"ఏమన్నారు?"

"కడుపులో ఏదో పెరుగుతోందట. పెద్దదే అన్నారు." టీ ఊదుకుని తాగాడు. "పెరగనీ. అదీ బరువేగా, పనికొస్తుంది."

ఆమెకి ఆ హాస్యం మింగుడుపడలేదు. కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. "కోత పెడతారా? మందులా? ఏం చెప్పారు?" అని గుచ్చిగుచ్చి అడిగింది. ఆయన గ్లాసు అడుగున మిగిలిన టీని తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "ఆలస్యమైందన్నారమ్మా" అని, ఆ మాట అక్కడితో వదిలేశాడు.

గ్లాసు కింద పెట్టి అన్నాడు. "ఎవరికీ చెప్పకు."

"పిన్నికి తెలుసా?"

"రోగం సంగతి తెలుసు."

"ఈ పట్టీ సంగతి?"

లారీ డ్రైవరు హారను కొట్టాడు. బండన్న ఆమె భుజం ఆసరాతో లేచి, ఒక్కో కాలూ ఎత్తి పెట్టుకుంటూ మళ్ళీ దిమ్మ మీదికి చేరాడు. ఆ పూట ఆమె ఎత్తిన ప్రతి ప్యాలెట్‌తోనూ వెనక నుంచి ఆ టక్కుమనే చప్పుడు వినబడుతూనే ఉంది. ఇంజను మోతలో అది వినబడే అవకాశం లేదని ఆమెకీ తెలుసు.

పని దిగాక బండన్న బస్సెక్కేదాకా ఆగి, ఆమె అడ్డదారిన ఆయన ఇంటికి నడిచింది. ఆయన బస్సు ఊరంతా చుట్టి వస్తుంది. ఈలోగా పిన్నితో నాలుగు మాటలు మాట్లాడాలి. ఎలా మొదలుపెట్టాలో దారిపొడుగునా కూడబలుక్కుంది. 'పిన్నీ, కంగారు పడకు' అనాలి. 'నేనేదో చూశాను' అనాలి. మొగుడు నడుముకి రాళ్ళు కట్టుకుని తిరుగుతున్నాడని ఏ ఇల్లాలికైనా ఎలా చెబుతారు?

మేడ మీద గది. తలుపు తీసే ఉంది. కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు పిన్ని కూర్చుని ఉంది. ఆమె సన్నటి మనిషి, చెవులకి దుద్దులు తప్ప ఒంటిమీద ఇంకేమీ పెట్టుకోదు. డ్రైవరమ్మని చూసి "రా తల్లీ" అంది గానీ కాలు ఆపలేదు. ఆ కుట్టు చివరిదాకా పోనిచ్చి, దారం పంటితో తెంపి, గుడ్డని వెలుతురుకి పట్టి చూసింది.

మందపాటి గుడ్డ. వరసగా జేబులు.

డ్రైవరమ్మ కూడబలుక్కున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో.

"ఇది భుజాలకి" అంది పిన్ని, ఎవరో కొలతలడిగినట్టు. "నడుముకి ఇంక పట్టదంటున్నాడు. ఒరుసుకుపోతోందట."

"పిన్నీ! నువ్వే కుట్టావా?"

"ఇంకెవరు కుడతారు?"

"ఆయన ఉన్న స్థితిలో ఇంకా బరువు మోయిస్తావా? ఆపాల్సింది పోయి..."

పిన్ని గుడ్డని ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేసింది. చాలాసేపు సరిచేసింది.

"ఆపాను. పోయిన నెల, ఊరెళ్ళాడని మీకు చెప్పించి, ఒక వారం ఇంట్లో కూర్చోబెట్టాను. ఆ గోడ చూశావా? పొద్దస్తమానం దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అన్నం పెడితే వద్దనడు, తినడు. 'ఇంత ఒళ్ళేసుకుని పుట్టినందుకు అక్కడన్నా ఒక మనిషికి అక్కరకొచ్చానే. ఇక్కడ కూర్చుంటే నేను రోగిని, అక్కడ కూర్చుంటే నేను పనివాణ్ణి' అన్నాడు. ఆ అమ్మాయి బండి నా మీద ఆధారపడి ఉందే, అన్నాడు. నీ గురించే. ఉన్న నాలుగు రోజులూ పనివాడిగానే ఉండనీ అనుకున్నా. తప్పంటావా? చెప్పు. తప్పయితే ఇప్పుడే విప్పేస్తా."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక మెట్టు, ఆగడం, మళ్ళీ ఒక మెట్టు. పిన్ని చప్పున గుడ్డని మిషను సొరుగులో పెట్టి, కళ్ళు తుడుచుకుని, "ఏం మాట్లాడకు. నన్ను చూడ్డానికొచ్చావు, అంతే" అంది.

ఆ తరవాతి రోజు పొద్దున్నే రెండు లారీలు వచ్చాయి. బండన్న దిమ్మ ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారికి రేడియో వెనక నుంచి తోశాడు. చొక్కా కింద భుజాలు ఎత్తుగా, చదరంగా ఉన్నాయి. "ఏంటి బండన్నా, కసరత్తు చేస్తున్నావా?" అన్నాడు రేడియో. ఆయన చెయ్యెత్తి కండ చూపించబోయాడు. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది.

డ్రైవరమ్మ అద్దంలో అది చూసింది. చూసి, ఇంజను ఆపేసింది.

మేనేజరు వచ్చాడు. "ఏమైందమ్మా?"

"ఇక మనిషిని వెనక కూర్చోబెట్టుకుని ఎత్తను సార్."

ఈ మాట అంటే ఏమవుతుందో ఆమె పొద్దున్నుంచీ ఆలోచించుకునే ఉంది. తాళంచెవులు అక్కడ పెట్టి పొమ్మంటాడు. లేదంటే ఆ బండి నడపగల ఇంకెవరినో పిలుస్తాడు. స్టీరింగుని గట్టిగా పట్టుకుంది.

మేనేజరు లారీల వైపు చూశాడు. బండి వైపు చూశాడు. "మరెలా దింపుతావు?"

"లారీ మీదే కట్లు విప్పి, సగం సగం చేసి."

"పొద్దు గూకుతుంది."

"గూకనీయండి."

ఆయన గెడ్డం గోక్కున్నాడు. "సరే, విప్పండ్రా" అని హమాలీలకి చెప్పి, అద్దాలగదిలోకి వెళ్ళిపోయాడు.

అంతే. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. ఇన్నేళ్ళుగా ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే ఇదే మాట వచ్చేదన్నమాట. అడగవలసిన మనుషుల్లో మొదటి మనిషి తనే. ఆయన దిమ్మ మీద కూర్చున్నంతకాలమూ ముందు కూర్చుని బండి నడిపింది తను.

సగం ప్యాలెట్ ఎత్తింది. స్టీరింగు రాయిలా ఉంది. వెనక ఎవరూ అక్కర్లేదు.

అద్దంలో బండన్న ఇంకా దిమ్మ మీదే కూర్చుని కనబడ్డాడు. కొంతసేపటికి ఎవరూ చెప్పకుండానే దిగాడు. పడకుండా దిగడానికి చాలాసేపు పట్టింది. గుమ్మం పక్క బల్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడికి ఏదో ఒక పని చెప్పి చీపురైనా అందించడానికి ఎవరికీ తీరికలేదు. పెట్టెలు విప్పి పేర్చే పనిలో అందరూ తలమునకలై ఉన్నారు. ఆయన ఒకసారి లేచి పెట్టె అంచు పట్టుకోబోతే, "నువ్వు కూర్చో అన్నా, నువ్వు కూర్చో" అని ప్రేమగా పక్కకి తప్పించారు.

టీ వేళకి ఆమె దగ్గరికి వెళ్ళేసరికి ఆయన క్యారేజీ సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

"నా చోటు తీసేశావు కదమ్మాయ్."

"నీ కోసమే బాబాయ్. ఆ రాళ్ళు మోస్తూ, ఆ అంచు మీద వేలాడుతూ... నా వల్ల కాలేదు."

"నా కోసమైతే నన్నడగాల్సింది."

గొంతు పెంచలేదు. కోపంగా కూడా అనలేదు. సంచి సర్దుకుని, గోడ పట్టుకుంటూ రోడ్డు మీదికి నడిచాడు. ఆమె వెంట వెళ్ళబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. భుజాల మీద అంత బరువుండి, మనిషి ముందుకు తూలుతూ, మళ్ళీ నిలదొక్కుకుంటూ, అవతలి మలుపు దాకా పోయాడు.

ఆ మర్నాడు ఆయన రాలేదు. ఆపై రోజూ రాలేదు. గోడౌను పని మామూలుగానే సాగింది. సాయంత్రం కాస్త ఆలస్యమవుతోంది, అంతే. రేడియో ఒకసారి "బండన్న ఎలా ఉన్నాడో" అన్నాడు. తరవాత వాడూ మాట మార్చాడు. వెనక కూర్చునేవాళ్ళు లేని బండి అద్దంలో ఖాళీగా, గోడ దాకా కనబడేది. ఆ అద్దాన్ని ఒకవైపు తిప్పేసి, చూసుకోవలసినప్పుడు మెడ తిప్పి చూసుకోవడం అలవాటు చేసుకుంది డ్రైవరమ్మ.

సెలవురోజు పొద్దున మళ్ళీ ఆ మెట్లెక్కింది. ఆయన ఏ మాటన్నా పడదామనుకునే వెళ్ళింది.

కిటికీ దగ్గర కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. మంచం గోడవారగా జరిపారు. బండన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వచ్చిందెవరో పిన్ని చెప్పినా ఇటు తిరగలేదు. డ్రైవరమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తెచ్చిన పళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఉంది.

"మంచి వేళకొచ్చావు" అంది పిన్ని, ఏమీ జరగనట్టు. "చెమటకి పక్కంతా తడిసిపోయింది. దుప్పటి మార్చాలి. నా ఒక్కదానివల్ల కావట్లేదు. నువ్వు కాస్త ఎత్తితే నేను కిందనుంచి లాగేస్తా."

ఆమె పళ్ళు నేలమీద పెట్టి మంచం దగ్గరికి వెళ్ళింది. అంటే మరీ దగ్గరికి కాదు. మంచానికి కొంచెం ఎడంగా నిలబడి, వంగి, చేతులు రెండూ చాచి ఆయన భుజాల కింద దూర్చి ఎత్తబోయింది. మనిషి బరువు లేడు. అయినా లేవలేదు. ఆమె నడుము పట్టేసింది. ఆయన మూలిగాడు.

"అలా కాదు" అన్నాడు బండన్న, గోడవైపే చూస్తూ.

ఇద్దరూ ఆగారు.

"అంత దూరం నుంచి ఎత్తకూడదమ్మాయ్. చేతులు చాచి ఎత్తితే గుప్పెడు బరువు గంపెడవుతుంది. ఎన్ని మూటలు మోశాను, నాకు తెలీదా?" ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "దగ్గరికి రా."

ఆమె ఒక అడుగు వేసింది.

"ఇంకా. మంచానికి మోకాళ్ళు ఆనాలి. నడుం వంచకు, మోకాళ్ళు వంచు. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి తొడల కింద. ఆఁ. ఇప్పుడు నన్ను నీ ఒంటికి ఆనించుకో. బరువెప్పుడూ గుండెకి ఆనించుకుని మోయాలి. భయపడకు, పగిలిపోను."

ఆమె మోకాళ్ళు మంచానికి ఆనించింది. వంగి, ఆయన్ని తన గుండెకి చేర్చుకుంది. గరుకు గెడ్డం మెడకి తగిలింది. ఆయన చెయ్యి పైకి లేచి, ఆధారం కోసం వెతికి, ఆమె భుజం మీద పడింది. ఆమె మోకాళ్ళ మీద బలం పెట్టి లేచింది.

లేచాడు. ఏ కష్టమూ లేకుండా లేచాడు.

"చూశావా?" అన్నాడు ఆమె చెవి దగ్గర.

పిన్ని తడిసిన దుప్పటి లాగేసింది. ఉతికిన దుప్పటి దులిపి పరిచింది. నాలుగు మూలలూ బిగించి లోపలికి మడిచింది. తలగడ తిప్పి పెట్టింది. చేత్తో ఒకసారి మడతలన్నీ నిమిరింది.

"అయింది తల్లీ, ఇక దించు" అంది.

డ్రైవరమ్మ వెంటనే దించలేదు.